అకారణ శీతలత్వం

ఓబుళమ్మ ఇల్లు చల్లగా ఉండటం తప్పని ప్రభుత్వం తేల్చేదాకా పెన్నకట్టలో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఎండాకాలం ఆ ఊళ్లో కుక్కలు కూడా మొరగడం మానేసి మురుగు కాలవలో పడుకుంటాయి. అలాంటి ఊళ్లో బజారు వీధి చివరి మట్టి మిద్దెలోకి అడుగుపెడితే చాలు, ఒళ్లంతా చల్లబడి మనిషికి ఏ పని మీద వచ్చాడో మరుపొచ్చేది. గోడలు ఒక మనిషి అడ్డంగా పడుకోగలిగినంత మందం. పైన దూలాలు, దూలాల మీద కర్రలు, కర్రల మీద వేపమండలు, వాటి మీద మట్టి, అన్నిటి మీదా నీళ్లు దిగనివ్వని చవుడు. నడింట్లో కప్పుకు ఒక గవాక్షం. వెలుతురు అందులోంచే దిగుతుంది, వేడి అందులోంచే పోతుంది, వానొస్తే దాని మీద బండ జరుపుతారు. ఇంట్లో ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను కూడా చుట్టాలు వచ్చినప్పుడు మర్యాద కోసం తిరిగేది.

ఆ చల్లదనం మీదే చెన్నకేశవులు బతుకుతున్నాడు. అతను ఓబుళమ్మకు అన్న కొడుకు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే, పిల్లలు లేని ఓబుళమ్మ తెచ్చుకుని పెంచింది. కేశవులుది తమలపాకుల వ్యాపారం. తోటల దగ్గర ఆకు కొని, ముందరి గదిలో తడిగోనెల కింద పేర్చి, రోజూ కట్టలు విప్పి, కుళ్లినవి ఏరేసి, మిగతావి తిరగేసి కట్టి అంగళ్లకు వేస్తాడు. తమలపాకుకు ఉన్నంత పౌరుషం జిల్లాలో ఎవరికీ లేదు. ఒక్క పూట ఉక్కపోస్తే చాలు, నల్లబడి ముడుచుకుంటుంది. ఓబుళమ్మ ఇంట్లో మాత్రం వారం గడిచినా కోసిన పూట ఉన్నట్టే ఉండేది. ఐస్ పెట్టెలున్న వ్యాపారులు సైతం కేశవులు ఆకును చూసి కుళ్లుకునేవాళ్లు.

ఇక ఆ ఇంటి మీద కన్నేసినవాళ్లు ప్రొద్దుటూరులో ఉన్నారు. ఓబుళమ్మ మొగుడి తమ్ముడి కొడుకులు ఇద్దరు. ఇల్లు ఆమె పేరునే ఉన్నా, "పెద్దమ్మ తర్వాత మాదే కదా" అంటూ పండగకోసారి వచ్చి గోడలు కొలుచుకుని పోయేవాళ్లు. మిద్దె పడగొట్టి సెల్‌ఫోన్ల అంగళ్లు కట్టాలని వాళ్ల ఆలోచన. అందుకని ఓబుళమ్మ ఇంటిని మేనల్లుడికి దానంగా రాసి రిజిస్టరు చేయించాలనుకుంది.

"నేను గట్టిగా ఉండంగానే ఈ పని అయిపోవల్ల. రేపు నేను కండ్లు మూస్తే వాళ్లు నిన్ను, నీ ఆకుల్ను కలిపి బయట పారేస్తారు" అంది.

"అట్లనే అత్తా. దీంట్లో ఏముంది, ఒక పూట పని" అన్నాడు కేశవులు. పాపం, నిజంగానే అలా అనుకున్నాడు.

దస్తావేజు రాసే రామనయ్య కాయితాలన్నీ చూసి పెదవి విరిచాడు.

"అన్నీ ఉండాయి గానీ ఇంధన పొదుపు పత్రం యాడుంది?"

"అదేం పత్రమన్నా?"

"కొత్త రూలప్పా. ఈ ఇల్లు కరెంటును పొదుపుగా వాడుతుందని సర్కారు చుక్కలిచ్చి పత్రం రాయల్ల. కనీసం మూడు చుక్కలన్నా ల్యాకుంటే అమ్మేది ల్యా, దానమిచ్చేది ల్యా."

కేశవులుకు నవ్వొచ్చింది. పొదుపు అయితే తన ఇంటిని మించినది జిల్లాలో ఏముంది? మూడేమిటి, ఆకాశంలో ఉన్న చుక్కలన్నీ తన కప్పు మీదే రాలతాయనుకుని ధీమాగా పొదుపు ఆఫీసుకు బయలుదేరాడు.

ఇంధన పొదుపు ప్రేరణ సంస్థ జిల్లా కార్యాలయం ఊరి బైపాసు రోడ్డు మీదే ఒక అద్దాల మేడలో ఉంది. నాలుగు వైపులా అద్దాలే. తెరుచుకునే కిటికీ ఒక్కటి కూడా లేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండంతా ఆ అద్దాల్లోంచి లోపలికి రావడం, దాన్ని ఏసీలు బయటికి తరమడం, ఇదే అక్కడ జరిగే ముఖ్యమైన పని. మార్చి ఎండల్లో అక్కడి గుమాస్తాలు స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నారు. లోపల ఎండ ఎక్కువై కంప్యూటర్లు కనపడవని అద్దాలకు తెరలు కట్టారు, తెరల వల్ల చీకటైందని పట్టపగలు బల్బులు వేశారు. అటెండరు దస్తగిరి ఒక్కడే కాస్త మనిషి వాసన ఉన్నవాడు. కేశవులు దగ్గర రోజూ ఆకు కొనేవాడు కాబట్టి దగ్గరుండి జిల్లా పొదుపు అధికారి కల్యాణచక్రవర్తి గదిలోకి పంపాడు.

కల్యాణచక్రవర్తి మెడకు మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. దరఖాస్తు చూశాడు.

"మీ గృహమందు ఎన్ని శీతలీకరణ యంత్రములు కలవు?"

"ఒక్కటీ ల్యావు సార్."

"ఆ గడిలో సున్నా వేసిన యెడల కంప్యూటరు స్వీకరించదు. ఒకటి అని వేయుదము."

"ల్యాంది ఉందని ఎట్ల సార్?"

అధికారి మఫ్లరు సర్దుకున్నాడు. "సరే. క్షేత్ర పరిశీలకుని పంపెదము. వాస్తవమును ఆయన నిర్ధారించును" అన్నాడు. వాస్తవం అనే మాటను ఆయన ఇంట్లో పెంచుకునే జంతువు గురించి చెప్పినట్టు ముద్దుగా పలికాడు.

క్షేత్ర పరిశీలకుడు సుధాంశు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. చేతిలో వేడి కొలిచే యంత్రం. వీధిలో కొలిస్తే అంకె ఆకాశంలో ఉంది, గడప దాటి కొలిస్తే పాతాళంలో ఉంది. మళ్లీ వీధిలోకి వెళ్లి కొలిచాడు, మళ్లీ లోపల కొలిచాడు. యంత్రాన్ని చెవి దగ్గర పెట్టి ఊపి చూశాడు. తర్వాత నడింట్లో నులక మంచం మీద కూర్చుని నివేదిక రాయడం మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు రాసేసరికి కలం జారింది, ఆ వెనకే ఆయనా జారాడు. ఓబుళమ్మ వచ్చి తల కింద దిండు పెట్టి, మజ్జిగ చెంబు పక్కన ఉంచింది.

"మర్యాదస్తుడు రా. పొద్దు గుంకేదాకా లేపొద్దు" అంది.

లేచాక సుధాంశు మొహం కడుక్కుని, మజ్జిగ తాగి, ఆనందంగా వెళ్లిపోయాడు. అలాంటి నిద్ర తనకు ఉద్యోగంలో చేరాక పట్టలేదని గడప దగ్గర ఒప్పుకున్నాడు కూడా. ఆయన రాసిన నివేదిక మాత్రం మరోలా వచ్చింది.

"సదరు భవనము అకారణముగా చల్లగా ఉన్నది. చల్లదనమునకు తగిన యంత్రము కానరాలేదు. కొలత పరికరము చెడిపోయినట్లు భావించి మరమ్మతునకు పంపడమైనది. ఇట్టి అకారణ శీతలత్వము అనుమానాస్పదము."

అనుమానం అనే మాట కాగితం మీద పడితే ఊరుకోదు. వారం తిరక్కుండా కరెంటు చౌర్యం పట్టుకునే దళం జీపులో దిగింది. ఇంత చల్లటి ఇంటికి అంత చిన్న బిల్లు రావడం ఎక్కడా లేదు కాబట్టి, దొంగ కరెంటుతో నడిచే ఏసీ ఎక్కడో దాచి ఉండాలని వాళ్ల లెక్క. గోడలు తట్టారు. గాదెలో తొంగి చూశారు. తడిగోనెలు ఎత్తి ఆకు కట్టల కింద వెతికారు. దళాధిపతి గవాక్షంలోంచి తల పైకి పెట్టి, ఇరుక్కుని, కాసేపు రెండు లోకాల మధ్య ఉండిపోయాడు.

"ఇదేంది, ఈ రంధ్రం?" అని కిందికి దిగాక అడిగాడు దళాధిపతి.

"గవాచ్చి సార్. గాలికి, వెలుతురుకు" అన్నాడు కేశవులు.

"అనుమతి కాయితం ఉందా?"

"మా మామ తాతల కాలంలో కట్టింది నాయనా. అప్పుడు గాలికి కాయితాలు ల్యాకుండె" అంది ఓబుళమ్మ.

ఏసీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి చాలా తెలివిగా దాచారని రాసుకుని, నిందితుడు తన నిర్దోషిత్వం రుజువు చేసుకోవలసిందిగా నోటీసు అంటించి వెళ్లారు. కేశవులుకు మొదటిసారి భయం వేసింది. పత్రం కోసం పోతే కేసు చేతికొచ్చింది. ప్రొద్దుటూరు అన్నదమ్ములు ఆ నోటీసును ఫోనులో ఫోటో తీసుకుని సంబరంగా వెళ్లారని రామనయ్య చెప్పాడు.

మళ్లీ అద్దాల మేడకు పరిగెత్తాడు.

కల్యాణచక్రవర్తి ఈసారి చాలా దయగా మాట్లాడాడు. "చూడండి, మీ సమస్య మాకు బోధపడినది. పొదుపు అనగా నేమి? నిన్నటి వాడకము నుండి నేటి వాడకమును తీసివేయగా మిగులునది. మీరు నిన్న ఏమియు వాడలేదు, నేడును ఏమియు వాడుట లేదు. తీసివేయగా మిగిలినది సున్నా. కావున మీ పొదుపు సున్నా. రాష్ట్రమందు ఇంత అధ్వాన్నమైన పొదుపు మా దృష్టికి రాలేదు."

"వాడకపోవడమే పొదుపు కాదా సార్?"

"అది పొదుపు కాదు, అలవాటు. అలవాటునకు చుక్కలు లేవు."

"అయితే నేనేం చేయల్ల?"

"మొదట ఒక ఆధార మాసము నందు సమృద్ధిగా వాడుడు. మరుసటి మాసము తగ్గించుడు. ఎంత తగ్గించిన అన్ని చుక్కలు. పైగా మీ గృహమునకు సహేతుకమైన బిల్లు వచ్చిన యెడల చౌర్యాభియోగము తనంతట తానే సమసిపోవును. దేశము కొరకు ఒక్క నెల వృథా చేయలేరా?"

దస్తగిరి బయటిదాకా వచ్చి భుజం తట్టాడు. "అన్నా, పెద్దసారు చెప్పింది మంచికే. నువ్వు ఊరికే మంచోనిగా ఉంటే ఈడ పని కాదు. ఒక నెల చెడిపో, మళ్లా బాగుపడు. అప్పుడు దండేస్తారు" అన్నాడు.

ఈ సంగతి ఇంట్లో చెబితే ఓబుళమ్మ లేచి పోయి మీటరు ముందు నిలబడింది. జీవితంలో ఆమె దీపం వృథాగా వెలగనిచ్చిన మనిషి కాదు. చివరికి మెడలోని గొలుసు తీసి మేనల్లుడి చేతిలో పెట్టింది.

"ఇది బ్యాంకులో పెట్టి బిల్లు కట్టు. ఇల్లు నీకు దక్కితే చాలు. కాల్చుదాంపా, ఎంత కాలుతుందో చూద్దాం" అంది.

తగలేయడం అంత తేలిక కాదని వాళ్లకు మర్నాడే తెలిసింది. రెండు బల్బులు, ఒక ఫ్యాను రాత్రింబవళ్లు తిప్పినా మీటరు ఆవలించింది. అప్పుడు వీధి వీధంతా కదిలి వచ్చింది. మాటసాయం అడిగితే మొహం చాటేసేవాళ్లు, తేరగా కరెంటు కాల్చుకోవచ్చంటే వరసలు కలుపుకుంటూ వచ్చారు. పక్కింటివాళ్లు దోసెల పిండి గ్రైండరు పట్టుకొచ్చారు. ఇస్త్రీ బండివాడు బొగ్గుల పెట్టె మూల పడేసి, కరెంటు పెట్టెతో వసారాలో మకాం పెట్టాడు. ఎవరో వడదెబ్బకు వేడినీళ్ల వైద్యం పనికొస్తుందన్నారు, హీటరు వచ్చింది. షామియానాల మాబాషా పెళ్లిళ్లకు వేసే రంగు దీపాల దండలు, రెండు పెద్ద ఫోకస్ లైట్లు తెచ్చి, పట్టపగలు మిద్దె నిండా వెలిగించాడు. బడి నుంచి పోయే పిల్లలు ఆగి, "అవ్వా, పెండ్లెవరికి?" అని అడిగేవాళ్లు.

"మీటరుకు" అనేది ఓబుళమ్మ.

మందపు గోడలు ఎన్ని దినాలని ఓర్చుకుంటాయి? ఒక వారం చల్లగానే ఉండి, రెండో వారానికి అవి కూడా సర్కారు దారికి వచ్చాయి. ఇల్లు ఉడికింది. ఆకు నల్లబడటం మొదలైంది. కట్టలు పట్టుకుని కేశవులు ఎక్కడికి పోవాలో తోచక నిలబడితే, దస్తగిరే దారి చూపాడు.

"మా ఆఫీసులో పెట్టన్నా. ఆ చలికి మనిషే నిలవ ఉంటాండాడు, ఆకు ఉండదా?"

అలా ఆధార మాసం పూర్తయ్యేదాకా తమలపాకులు అద్దాల మేడలో, స్వెట్టర్లు వేసుకున్న గుమాస్తాల కాళ్ల దగ్గర, బీరువాల వెనక సుఖంగా ఉన్నాయి. కల్యాణచక్రవర్తి రోజూ భోజనమయ్యాక చెయ్యి కిందికి చాపి ఒక ఆకు అందుకునేవాడు. ఇంత చక్కని ఆకు తానెన్నడూ నమలలేదని మెచ్చుకున్నాడు.

నెలాఖరుకు వచ్చిన బిల్లు చూసి మీటరు చదివేవాడు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. చౌర్యం కేసు ఆ రోజే కొట్టేశారు. ఇంత బిల్లు వచ్చే ఇంట్లో దొంగతనం ఎందుకుంటుందని దళాధిపతి స్వయంగా క్షమాపణ చెప్పాడు. మర్నాడు ఓబుళమ్మ వీధివాళ్లందరినీ, వాళ్ల యంత్రాలనూ మర్యాదగా సాగనంపి, గవాక్షం మీది దుమ్ము దులిపి, ఎప్పటిలా రెండు బల్బులకు వచ్చేసింది. ఇల్లు మెల్లగా చల్లబడింది, ఆకులు ఇంటికొచ్చాయి, రెండో నెల బిల్లు మొదట్లో వచ్చినంతే వచ్చింది. పొదుపు సంస్థలో ఆ తీసివేత చేసిన కంప్యూటరు ఒకసారి ఆగిపోయి మళ్లీ తెరుచుకుంది. ఇంత పొదుపు అది ఎన్నడూ చూడలేదు.

ఐదు చుక్కలు ఇచ్చారు. సన్మానం కూడా చేశారు. మైదానంలో సభ, రంగు దీపాలు, వేదిక మీద ఏసీలు, వెనక ఉరుములా మోగే జనరేటరు. కల్యాణచక్రవర్తి మైకు ముందు నిలబడి గద్గద స్వరంతో మాట్లాడాడు.

"నిన్నటి వరకు వినియోగమునందు మునిగియున్న ఒక సామాన్య గృహస్థు, మా సంస్థ ఇచ్చిన ప్రేరణచే కళ్లు తెరిచి, ఒక్క మాసములో మహాత్యాగమునకు పూనుకొనెను. ఈయన మనకందరికి ఆదర్శము."

మెడలో దండతో కేశవులు తల వంచుకుని కూర్చున్నాడు. వంచుకున్నది సిగ్గుతోనా, దండ బరువుతోనా అనేది చూసేవాళ్లకు తెలియలేదు. నిజం చెప్పాలంటే అతనికి లోలోపల సంతోషంగానే ఉంది. గొలుసు పోతే పోయింది, ఇల్లు దక్కబోతోంది.

పత్రం చేతికొచ్చినా రిజిస్ట్రేషను వెంటనే కాలేదు. కారణం, పెన్నకట్ట కళ్లు తెరవడమే. ఊళ్లో ఇల్లు అమ్మాలనుకునేవాళ్లు, కొనాలనుకునేవాళ్లు, పంచుకోవాలనుకునేవాళ్లు అందరూ ఒకేసారి ఆదర్శాన్ని పట్టుకున్నారు. మాబాషా షామియానాలు వదిలేసి, "ఆధార మాసమునకు హీటర్లు, ఫోకస్ లైట్లు అద్దెకు ఇవ్వబడును" అని బోర్డు కట్టాడు. ఊరు ఊరంతా పట్టపగలు ధగధగా వెలిగింది. ఖాళీ గ్రైండర్లు గిరగిరా తిరిగాయి. మండుటెండలో వేడినీళ్లు కాగి వీధుల్లోకి పారాయి. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు మూడు రోజులు మూలిగి, నాలుగో రోజు నిప్పులు కక్కి, పెద్ద చప్పుడుతో ఊరి పొదుపు ఉద్యమంలో అమరత్వం పొందింది.

కొత్తది అడగడానికి పెద్దమనుషులు కరెంటాఫీసుకు పోయారు. అక్కడ మరో రూలు కాచుకుని ఉంది. కొత్త ట్రాన్స్‌ఫార్మరు దరఖాస్తు పెట్టిన నాటి వాడకాన్ని బట్టి ఇస్తారు. కాలిపోయినప్పటి నుంచి ఊరి వాడకం సున్నా. సున్నా వాడే ఊరికి ట్రాన్స్‌ఫార్మరు ఎందుకని అడిగారు. పైగా పై నుంచి ఒక ప్రశంసాపత్రం వచ్చింది. పెన్నకట్టను రాష్ట్రంలో తొలి శూన్య వినియోగ పట్టణంగా ప్రకటించారు.

కరెంటు లేక రిజిస్ట్రారు ఆఫీసు మూతపడింది, ఊరు ఉక్కపోతకు అల్లాడింది. అందరికంటే ఎక్కువ అల్లాడింది అద్దాల మేడ. ఏసీలు ఆగాక ఎండ లోపలికి రావడం మాత్రం మానలేదు. తెరిచే కిటికీ లేదు. స్వెట్టర్లు పోయాయి, చొక్కాలు పోయాయి, గుమాస్తాలు బనియన్లతో ఫైళ్లు విసురుకుంటూ కూర్చున్నారు. సుధాంశుకు మాత్రం ఒక నులక మంచం గుర్తొచ్చింది. ఆ సంగతి అధికారితో చెప్పాడు. అధికారి సంస్థ నిబంధనల పుస్తకం తెప్పించుకున్నాడు.

ఇవేవీ కేశవులుకు తెలియవు. రిజిస్ట్రారు ఆఫీసు జనరేటరు అద్దెకు తెచ్చుకుని పని మొదలుపెట్టిందని రామనయ్య కబురు చేస్తే, అత్తను ఆటోలో కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. ఓబుళమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. ఐదు చుక్కల పత్రం చూసి సబ్ రిజిస్ట్రారు లేచి నిలబడినంత పని చేశాడు. జనరేటరు దడదడల మధ్య ఆమె వేలిముద్ర పడింది, కేశవులు సంతకం పడింది. ప్రొద్దుటూరు అన్నదమ్ములు వచ్చి వరండాలో నిలబడ్డారు గాని, పత్రం మీది చుక్కలు లెక్కపెట్టుకుని వెనక్కి తిరిగారు.

"అయిపోయింది గదరా?" అని రెండుసార్లు అడిగింది ఓబుళమ్మ.

"అయిపోయిందత్తా. ఇంగ మనల్నెవరూ కదిలించల్యారు."

ఆమె కళ్లు తుడుచుకుని, మేనల్లుడి చెంప నిమిరింది. వాళ్లు గేటు దాటేసరికి కల్యాణచక్రవర్తి ఎదురుగా ఉన్నాడు. చేతిలో పూలదండ, దాని కింద ఒక కవరు.

"శుభాభినందనలు. తమరు ఇప్పుడు చట్టబద్ధముగా గృహ యజమాని అయితిరి గదా? మేము ఇందు కొరకే వేచియుంటిమి. యజమాని మారుచుండగా నోటీసు ఎవరికి ఇవ్వవలెను?"

"ఏం నోటీసు సార్?"

"మా సంస్థ కార్యాలయము ఐదు చుక్కల భవనమునందే ఉండవలెనని నిబంధన కలదు. ఇంతవరకు జిల్లాలో అట్టి భవనము లేకపోవుట చేత తాత్కాలికముగా అద్దాల మేడలో కష్టపడితిమి. ఇప్పుడు ఒకటి ఉన్నది. ప్రజా ప్రయోజనార్థము స్వాధీనపరచుకొనుచున్నాము. అద్దెను ఒక కమిటీ నిర్ణయించును. ఆ కమిటీని మరొక కమిటీ ఏర్పాటు చేయును."

ఓబుళమ్మకు సగమే అర్థమైంది. "ఏమంటాండాడు రా ఈయన?" అని అడిగింది.

కేశవులు కవరు అందుకున్నాడు. "మన ఇల్లు చానా మంచిదంటాండాడు అత్తా" అన్నాడు.

సామాన్లు తీయడానికి ఎక్కువ పొద్దు పట్టలేదు. వాళ్ల దగ్గర ఉన్నవే కొద్ది. నులక మంచం మాత్రం సుధాంశు ఉంచమని ప్రాధేయపడ్డాడు, ఆఫీసు పనికి అవసరమట. అత్తా అల్లుడూ వీధి అవతల ఒక రేకుల గదిలో చేరారు. పైన రేకు, పక్కన రేకు. పొద్దు ఎక్కేసరికి అందులో చింతగింజలు పెడితే వేగుతాయి. ఓబుళమ్మ రోజంతా గడపలో కూర్చుని ఎదురింటి వైపు చూస్తూ ఉండేది. తిట్టడం కూడా మానేసింది.

కొంతకాలానికి, సంస్థ ఆఫీసు ఉన్న ఊరికి కరెంటు లేకుంటే బాగుండదని ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. మొదట ఓబుళమ్మ ఇంటికే తీగ లాగారు. ఆఫీసన్నాక ఏసీలు ఉండాలి కాబట్టి పెట్టారు. ఏసీ గాలి బయటికి పోతుందని గవాక్షానికి సిమెంటు పోసి మూశారు. చీకటైందని బల్బులు వేశారు. వసారాకు అద్దాలు బిగించారు. కేశవులు ఇదంతా చూసి లోలోపల ఒక ఆశ పెట్టుకున్నాడు. ఇన్ని బిగించాక చుక్కలు పోతాయి, చుక్కలు పోతే ఆ ఇంట్లో ఆఫీసు ఉండకూడదు, ఇల్లు తిరిగొస్తుంది. ఈ మాట చెబితే ఓబుళమ్మ కూడా చాలా రోజుల తర్వాత లేచి కూర్చుని, ఆ పూట ఇష్టంగా సంగటి తింది.

సంవత్సరం తిరిగాక చుక్కల తనిఖీ జరిగింది. తనిఖీ చేసింది సుధాంశు. అద్దాల మేడలో వాడినదాన్ని నిన్నటి వాడకంగా, మట్టి మిద్దెలో వాడినదాన్ని నేటి వాడకంగా పెట్టి తీసివేశారు. బ్రహ్మాండమైన పొదుపు తేలింది. ఐదు చుక్కల పత్రానికి కొత్త పటం కట్టి, ఒకప్పుడు ఓబుళమ్మ దీపం పెట్టుకునే గూట్లో నిలబెట్టారు.

ఆకులు కాస్త చల్లగా పెట్టుకోనివ్వమని కేశవులు దస్తగిరిని అడిగి చూశాడు. దస్తగిరి తల దించుకుని గోడ మీది బోర్డు చూపించాడు. ఐదు చుక్కల ఆవరణలో ప్రైవేటు సరుకులు ఉంచరాదని దాని మీద ఉంది. "నాకు రాయి మాదిరి బరువుగా ఉండాదన్నా, ఏం చేసేది" అని మాత్రం అన్నాడు.

అయినా వ్యాపారం మానితే పొయ్యి వెలగదు. రేకుల కింద మిగిలిన ఆకుల్లో మంచివి ఏరి, ఒకరోజు మధ్యాహ్నం కేశవులు తన ఇంటి గడప ఎక్కాడు. లోపల చలికి ఒళ్లు జలదరించింది. నడింట్లో, గవాక్షం ఉన్న చోట కింద, కల్యాణచక్రవర్తి మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. భోజనం అయినట్టుంది, అలవాటుగా చెయ్యి చాపాడు. ఆకు నోట్లో పెట్టుకుని రెండుసార్లు నమిలి, మొహం చిట్లించి, చెత్తబుట్టలోకి ఉమ్మేశాడు.

"ఏమయ్యా, మీ సరుకు మునుపటి వలె లేదు. వాడిపోయినది. ఇది మీ అశ్రద్ధ తప్ప మరేమియు కాదు" అన్నాడు ఆ అధికారి ఎంతో ఆప్యాయంగా. "మీబోటి వారు ఎక్కడైన కొంచెము చల్లని ఇల్లు చూచుకొనరాదా?"